గట్టెక్కే పిల్లికి ఒక పీట

వంటింటి గట్టు మీద పిల్లి పాదాల గుర్తులు. పిల్లిని పెంచే ప్రతి ఇంట్లోనూ తెల్లవారగానే కనిపించేవి ఇవే. అరిచినా, అదిలించినా, నీళ్లు చిలకరించినా మర్నాటికి మళ్లీ ప్రత్యక్షం. పిల్లిని దించడానికి భయపెట్టడం తప్ప మరో దారి లేదా? ఉంది. ఉట్టి కట్టిన కాలంలోనే మన పెద్దలకు ఆ దారి తెలుసు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు, ఒకచోట కూర్చో!" చిన్నప్పుడు మా అమ్మ నోట ఈ మాట రోజుకోసారైనా వినేదాన్ని. ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో నలభై దాటాక, నా వంటింట్లోనే చూశాను.

సాయంత్రం పాలు పొంగాయి. గిన్నె దించి మూత పెట్టి, స్టవ్ ఆపాను. కాలింగ్ బెల్ మోగితే హాల్లోకి వెళ్లాను. కొరియర్ అబ్బాయికి సంతకం పెడుతుండగా వెనక నుంచి ఒక అరుపు. మా పిల్లి చుక్కి గొంతులో అలాంటి అరుపు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పాల వాసనకు గట్టెక్కి, ఇంకా సెగ తగ్గని స్టవ్ కమ్మీల మీద అడుగుపెట్టింది. కిందికి దూకి, కుడి ముందుకాలు పైకెత్తి పట్టుకుని, మూడు కాళ్ల మీద హాల్లోకి, అక్కణ్నుంచి మంచం కిందికి, బాల్కనీ తలుపు దగ్గరికి, మళ్లీ వంటింట్లోకి. ఆగితే మంట, నడిస్తే నొప్పి. మా అమ్మ మాటలోని పిల్లి నా కళ్లముందు తిరుగుతోంది.

అత్తయ్యగారు పసుపు డబ్బా అందుకున్నారు. ఈలోగా నేను పశువైద్యుడికి ఫోన్ చేశాను. ఆయన మొదట చెప్పింది ఏం చేయకూడదో. పసుపు వద్దు, నెయ్యి వద్దు, టూత్‌పేస్టు వద్దు, ఐసుముక్క అసలే వద్దు. రాసిందేదైనా పిల్లి నాకేస్తుంది, కడుపులోకి పోతుంది. తువ్వాలులో చుట్టి, కాలిన కాలొక్కటే బయటికి తీసి, కుళాయి చన్నీళ్లు సన్నటి ధారగా పోస్తూ ఉండండి, ఆ తర్వాత తీసుకురండి అన్నారు. నేను పట్టుకున్నాను, అత్తయ్యగారు చెంబుతో పోశారు. పాదం అడుగున చిక్కుడుగింజలు పేర్చినట్టుండే ఆ గులాబీరంగు మెత్తల్లో రెండు అప్పటికే పొక్కిపోయాయి. చుక్కి వణుకుతూ నా మోచేతి మడతలో తల దాచుకుంది.

అప్పటిదాకా గట్టు మీద పిల్లి అంటే మా ఇంట్లో శుభ్రత గొడవే. 'తినే తిండి దగ్గర దాని పాదాలేంటి' అన్నదే మాట. ఆ రాత్రి నుంచి ఆ ప్రశ్న మారింది. అది గట్టెక్కడం మనకు మంచిది కాదు, నిజమే. దానికి అసలే మంచిది కాదు.

ఉట్టి పోయింది, గట్టు వచ్చింది

పాత ఇళ్లలో ఈ తగాదా లేదా అంటే, ఉంది. పరిష్కారం మాత్రం వేరు. పొయ్యి నేలమీదే ఉండేది, వండేవాళ్లు పీట వేసుకుని కూర్చునేవారు. పాలు, పెరుగు, వెన్న మాత్రం ఉట్టి మీద. దూలానికి ఉట్టి వేలాడదీసిందే పిల్లికి అందకూడదని. 'పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా' అనే సామెతలో ఆనాటి వంటిల్లు మొత్తం కనిపిస్తుంది. పైన తాళ్లలో ఊగే పెరుగుకుండ, కింద మూతి నాక్కుంటూ పైకి చూసే పిల్లి. ఆ ఇల్లాలు పిల్లిని కట్టెయ్యలేదు, తరిమెయ్యలేదు. గాదెలో ధాన్యముంది, ధాన్యానికి ఎలుకలున్నాయి కాబట్టి ఇంట్లో పిల్లి ఉండాలి. అందుకే పిల్లిని మార్చే పని పెట్టుకోకుండా కుండ చోటు మార్చింది. ఎంత నిదానమైన ఆలోచన!

ఇంకో మాట ఉంది. 'వాళ్లింట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు' అంటాం, పూట గడవడం లేదని చెప్పడానికి. రాత్రి వంటయ్యాక పొయ్యిలో బూడిద గోరువెచ్చగా ఉంటుంది. పిల్లి అందులో ముడుచుకుని పడుకునేది. తెల్లారి నిప్పు రాజెయ్యాలంటే ముందు దాన్ని లేపాలి. పొయ్యి వెలగని ఇంట్లో ఆ పనే ఉండదు. ఆకలి గురించి చెప్పిన మాటే గానీ, పిల్లి ఒంటికి వెచ్చదనం ఎంత కావాలో అందులో ఉంది. ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనంగా శ్రమపడక్కర్లేని వాతావరణం పిల్లికి 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ అని జంతుశాస్త్రం చెబుతోంది. మనం ఫ్యాను వేసుకునే వేడి దానికి హాయి. చలికాలం రాత్రి అన్నం వండిన కుక్కర్ పక్కన పిల్లి ఎందుకు పడుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పాత పొయ్యి బూడిదను వెతుక్కుంటోంది అది.

గ్యాసు స్టవ్‌లు వచ్చాక వంట నిలబడి చేయడం మొదలైంది. పొయ్యి మూడడుగుల గట్టెక్కింది, దాని వెంట పాలూ కూరా చేపా అన్నీ ఎక్కాయి. ఉట్టి కొక్కెం మాత్రం పోయింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి పరుగు తీయకుండా, నిలుచున్న చోటు నుంచే ఐదడుగులు అందుకోగలదు. మూడడుగుల గట్టు దానికి ఒక మెట్టు.

క్యాలెండరు మీద పెన్సిలు గీతలు

చుక్కి కాలికి కట్టు విప్పి, అది మామూలుగా తిరగడం మొదలుపెట్టాక మళ్లీ గట్టెక్కింది. కాలిన సంగతి మరిచిందా అంటే, కాదు. స్టవ్ ఉన్న వైపు పోలేదు. సింకు వైపు నుంచి ఎక్కింది! అది నేర్చుకున్న పాఠం 'గట్టెక్కకూడదు' అని కాదు, 'ఆ ఇనుప కమ్మీల మీద అడుగు వేయకూడదు' అని. దెబ్బ వల్ల పిల్లి ఎంతవరకు నేర్చుకుంటుందో అప్పుడు అర్థమైంది.

దాంతో నేనొక పని చేశాను. వారం రోజులపాటు అది ఎప్పుడు ఎక్కినా గోడ క్యాలెండర్ మీద పెన్సిలుతో గీత పెట్టి, పక్కన ఎక్కి ఏం చేసిందో రెండు ముక్కలు రాశాను. పిల్లిని పెంచే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. దించే ముందు ఒక్క నిమిషం ఆగి, అది ఎక్కడికి పోతోందో చూడండి.

ఎక్కే ముందు అది చేసే పని చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. గట్టు కింద కూర్చుని తల పైకెత్తుతుంది. అక్కణ్నుంచి దానికి కనిపించేది గ్రానైట్ అంచు ఒక్కటే. పైన ఏముందో కనపడదు, వాసన మాత్రం తగులుతుంది. ముక్కు రెండుసార్లు అదురుతుంది. వెనక కాళ్లు ఒంటి కిందికి లాక్కుంటుంది, నడుం అటూ ఇటూ సన్నగా ఊగుతుంది, చూపు అంచు మీదే నిలుస్తుంది. తర్వాత చప్పుడు లేకుండా పైన ఉంటుంది. ఎక్కగానే తిండి మీద పడదు. ముందు నాలుగు వైపులా చూస్తుంది.

మనింట్లో తిరిగే పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లులు. సైప్రస్ ద్వీపంలో షిల్లూరోకాంబోస్ అనే చోట ఒక మనిషి సమాధి పక్కనే పూడ్చిపెట్టిన పిల్లి అస్థిపంజరం దొరికింది. దాని వయసు సుమారు 9,500 ఏళ్లని 2004లో ప్రకటించారు. ఇన్ని వేల ఏళ్లు మనతో కలిసి ఉన్నా దాని ఒంట్లో అడవి పోలేదు. చిన్న జీవాలను వేటాడేదీ అదే, తనకంటే పెద్ద జంతువులకు ఆహారమయ్యేదీ అదే. అలాంటి జీవికి ఎత్తు అంటే కోట బురుజు. కింద ఎవరొస్తున్నారో తనకు తెలుస్తుంది, తను ఎవరికీ అందదు. పల్లెలో గోడలున్నాయి, పెంకులున్నాయి, చెట్లున్నాయి. రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో దానికి మిగిలిన కొమ్మ వంటింటి గట్టే.

వారం తర్వాత గీతలు లెక్కపెడితే నాకే ఆశ్చర్యమేసింది. ఇరవై ఆరు సార్లు ఎక్కింది. అందులో తిండి కోసం ఎక్కింది ఏడుసార్లే. తెల్లవారుజామున ఎక్కింది సింకు పైనున్న కిటికీ కోసం, బయట పైపు మీద వాలే పావురాల కోసం. మధ్యాహ్నాలు ఎక్కింది కారే కుళాయి చుక్కల కోసం. రాత్రి పూట కుక్కర్ పక్కన వెచ్చదనం కోసం. మిగతావన్నీ నేను కూరగాయలు తరుగుతున్నప్పుడు. నేనెక్కడుంటే అక్కడ, నా చేతుల ఎత్తులో ఉండాలని. ఇన్నాళ్లూ 'దొంగ పిల్లి' అని తిట్టింది దీన్నా అని బాధేసింది.

తెనాలివారి పిల్లి చెప్పని సంగతి

గట్టు నుంచి పిల్లిని దించడానికి అందరూ చెప్పే మందు బెదిరింపు. చప్పట్లు కొట్టు, చీపురు చూపించు, స్ప్రే సీసాతో మొహాన నీళ్లు కొట్టు. మన తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ కూడా అలాంటిదే. రాయలవారు పిల్లినీ, దాని పాలకోసం ఆవునూ ఇస్తే, ఆయన మరిగే పాలు దాని ముందు పెట్టాడట. మూతి కాలిన పిల్లి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు. చిన్నప్పుడు విని నవ్వుకున్నాం. చుక్కి కాలు చూశాక ఆ కథ మళ్లీ ఎవరికీ నవ్వుతూ చెప్పలేకపోయాను.

దయ సంగతి పక్కన పెట్టినా, బెదిరింపు పనిచేయదు. ఎందుకంటే పిల్లి దాన్ని గట్టుతో ముడిపెట్టదు, మనతో ముడిపెడుతుంది. నీళ్లు చల్లే మనిషి ఉన్నప్పుడు ఎక్కకూడదు అనుకుంటుంది. ఆ మనిషి నిద్రపోయాక గట్టు దానిదే. మా ఆయన రెండు వారాలు స్ప్రే సీసా పట్టుకుని తిరిగారు. వచ్చిన ఫలితం ఒకటే. ఆయన వంటింట్లోకి వస్తే చుక్కి మంచం కింద దూరేది, సీసా చేతిలో లేకపోయినా సరే.

1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పిల్లులతోనే చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. ఆకలితో ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో పెట్టి, బయట తిండి పెట్టేవాడు. అది గీరి, కొరికి, తోసి, చివరికి అనుకోకుండా లోపలి తాడు లాగితే తలుపు తెరుచుకునేది. మళ్లీ మళ్లీ పెట్టేకొద్దీ వృథా పనులు తగ్గి, నేరుగా తాడు దగ్గరికే పోయేది. తృప్తినిచ్చిన పని నిలుస్తుంది, ఇవ్వని పని రాలిపోతుంది అని ఆయన తేల్చాడు. తర్వాతి తరంలో బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలూ పావురాలతో ఇంకో సంగతి చూపించాడు. ప్రతిసారీ ఫలం దొరికితే పడే అలవాటు కంటే, ఎప్పుడో ఒకసారి దొరికితే పడే అలవాటు మొండిది, త్వరగా పోదు.

మా ఇంట్లో ఆ 'ఎప్పుడో ఒకసారి' అత్తయ్యగారి చేతిలో ఉంది. రొయ్యలు ఒలిచే రోజు గట్టు మీద కూర్చున్న చుక్కికి ఒక తలకాయ తీసి అక్కడే పెట్టేవారు.

"అత్తయ్యగారూ, అక్కడ పెట్టకండి. పెడితే అది రోజూ అక్కడికే వస్తుంది."

"నోరులేని జీవమే అమ్మాయ్. కళ్లల్లోకి చూస్తూ కూర్చుంటే ఎలా తినబుద్ధేస్తుంది మనకి?"

"పెట్టొద్దనట్లేదండీ. ఎక్కడ పెట్టాలో చూపిస్తాను."

ఆవిడ దయను ఆపే పని నేను పెట్టుకోలేదు, దానికి వేరే చోటు చూపించానంతే.

పులుసు రాత్రి

మాది గోదావరి వైపు. చేపల పులుసు వండిన రోజు తినరు. మట్టి దాకలో వండి, రాత్రంతా అలా వదిలేసి, మర్నాడు ముక్కకు పులుపు పట్టాక తింటారు. అంటే పిల్లి ఉన్న ఇంట్లో, గట్టు మీద, రాత్రంతా చేప! ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఆ పరీక్షకు రెండు నెలల ముందునుంచీ తయారయ్యాం. అటకమీద పడున్న పాత ఎత్తు స్టూలు ఒకటి దించాను. గట్టుకంటే జానెడు ఎత్తు. పిల్లి తనంతట తాను ఎంచుకోవాలంటే కొత్త చోటు పాత చోటుకంటే ఎత్తుగానే ఉండాలి. పైన గోనెపట్టా నాలుగు మడతలు పెట్టి మేకులు కొట్టించాను, గోళ్లకు పట్టు దొరకాలని. కదిలే స్టూలును పిల్లి నమ్మదు, అందుకని ఒక కాలికింద అట్టముక్క పెట్టి ఊగకుండా చేశాను. ఫ్రిజ్‌కూ వంటింటి గుమ్మానికీ మధ్య, స్టవ్‌కు దూరంగా, నా చేతులు కనిపించేలా పెట్టాను.

ఆ తర్వాత అంతా చిటికెడు ఉడికించిన కోడిమాంసం పని. మొదటి రోజు స్టూలు వాసన చూస్తే ఒక పోగు. ముందుకాళ్లు పెడితే ఇంకోటి. ఎక్కి కూర్చుంటే రెండు. 'పీట' అనే మాట చెప్పి చేయి చూపించడం నాలుగో రోజు మొదలైంది. వారంలో మాట వినగానే ఎక్కేది. తర్వాత నేను తరిగేటప్పుడు, కలిపేటప్పుడు, వడ్డించేటప్పుడు అది స్టూలు మీద ఉన్నంతసేపూ మధ్యమధ్య ఒక పోగు. గట్టెక్కిందా, అరుపులు లేవు, దాని మొహం కూడా చూడను. 'పీట' అని పిలవడం, అక్కడికి దూకితే మెచ్చుకోవడం. అంతే. అత్తయ్యగారి రొయ్య తలకాయలకు కూడా స్టూలే చిరునామా అయింది. ఇంట్లో నలుగురూ ఒకే మాట మీద ఉండకపోతే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. పనమ్మాయికి కూడా చెప్పాం. నిజానికి అందరికంటే ముందు చుక్కి ఆ అమ్మాయి మాటే విన్నది.

క్యాలెండరు గీతల్లో మిగతా వాటికీ ఒక్కో జవాబు దొరికింది. కుళాయి వాషర్ మార్పించాం. తిండిగిన్నెకు దూరంగా, హాల్లో ఒక మూల వెడల్పాటి స్టీలు బేసిన్‌లో రోజూ మంచినీళ్లు మార్చి పెట్టాం. పడకగది కిటికీకి జాలీ బిగించి లోపల ఒక పలక కొట్టించాం, పావురాలు అక్కడి నుంచీ కనిపిస్తాయి. రాత్రి వేళ పాత ఉన్ని శాలువా ఒకటి అట్టపెట్టెలో వేసి బీరువా మీద పెట్టాం. గట్టు మీద మాత్రం రాత్రి ఏదీ ఉండదు. గిన్నెలు అలమరలో, మిగిలింది ఫ్రిజ్‌లో, అంట్లు నానబెట్టకుండా కడిగెయ్యడం. ఎక్కినా ఏమీ దొరకని గట్టు కొన్నాళ్లకు పిల్లికి విసుగు పుట్టిస్తుంది. మొదటి పదిహేను రోజులు అంచు వెంట రెండువైపులా అంటుకునే టేపు అట్టముక్కలకు వేసి పరిచాం. పాదానికి జిగురు తగిలితే పిల్లికి నచ్చదు, మనం లేనప్పుడూ అది తన పని చేస్తుంది, ఎవరి మీదా కోపం పెరగదు. అలవాటు మారాక తీసేశాం.

వంటకు ముందు ఒక పావుగంట ఆట కూడా పెట్టుకున్నాం. కర్రకు తాడు, తాడుకు కోడి ఈక. పిల్లి జీవితంలో వరస ఒకటుంది. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర. ఈక వెంట పరిగెత్తించి, పట్టుకోనిచ్చి, వెంటనే దాని గిన్నెలో తిండి పెడితే నేను పోపు వేసే వేళకి అది ఒళ్లు నాక్కుంటూ ఉంటుంది.

పులుసు రాత్రి వచ్చింది. దాకకు మూత, మూతమీద పచ్చడిబండ. అయినా రాత్రంతా అక్కడే వదిలే ధైర్యం లేక, దాకను గట్టు మీద కాకుండా అలమరలో పెడదామన్నాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు, గాలి తగలాలన్నారు. తెల్లారి ఐదున్నరకు లేచి చూస్తే దాక చెక్కుచెదరలేదు. గట్టు మీద ఒక పాదం గుర్తు కూడా లేదు. చుక్కి స్టూలు మీద కూర్చుని, రెప్ప వాల్చకుండా దాకనే చూస్తోంది. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో!

పిల్లికి విషమయ్యేవి

ఆ దాకలో చేప ఒక్కటే ఉంటే నాకంత భయముండేది కాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను చిదిమేస్తాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి చేసినవైనా అంతే. మన కూర ఏది చూసినా ఉల్లి లేనిది అరుదు. కాబట్టి 'మన తిండే ఒక ముద్ద' అన్న ముద్దూ పిల్లికి ప్రమాదమే.

గట్టు తుడిచే మందుల సంగతి ఇంకా ముఖ్యం. పిల్లి ఎక్కిందని ఫినాయిల్ వేసి, డెటాల్ వేసి తుడిచే ఇళ్లు ఎన్నో. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన చోట నడుస్తుంది, పాదం నాక్కుంటుంది. మనం శుభ్రం అనుకున్నది దానికి విషం. మనుషులు వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదంటే దానికీ కారణం అలాంటిదే. గట్టు మీద మాత్రల పట్టీలు వదిలేసే అలవాటు ఉంటే ఇవాళే మానండి. సింకులో వేసే కలరా ఉండలూ ప్రమాదమే. నారింజ నూనె, టీట్రీ నూనె రాస్తే పిల్లి రాదని చెప్పేవాళ్లున్నారు. అవీ దానికి హానే. గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లు, తర్వాత మంచినీళ్లతో ఒకసారి తుడుపు. వంటింటికి ఇంతకు మించి అక్కర్లేదు. కూరగాయలు తరగడానికి గట్టునే వాడకుండా విడిగా పలక పెట్టుకుని, దాన్ని అలమరలో దాచుకుంటే ఇంకా నిశ్చింత.

నిప్పు సంగతి చెప్పాలి. దక్షిణ కొరియాలోని సియోల్ అగ్నిమాపక శాఖ 2019 జనవరి నుంచి 2021 నవంబరు వరకు లెక్క తీస్తే, పిల్లుల వల్ల జరిగిన అగ్నిప్రమాదాలు 107 అని తేలింది. విద్యుత్ స్టవ్‌ల మీద వేలితో తాకితే పనిచేసే మీటలను పిల్లి పాదం తాకితే చాలు, పొయ్యి వెలుగుతుంది. మన ఇళ్లలోనూ ఇండక్షన్ స్టవ్‌లు గట్టెక్కాయి. వంటయ్యాక గోడ స్విచ్ ఆపి ప్లగ్గు తీసెయ్యడం, గ్యాసు స్టవ్ అయితే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కూడా ఆపడం మా ఇంట్లో ఇప్పుడు పడుకునే ముందు తలుపు గడియ లాంటిది. సింకు పై కిటికీకి జాలీ లేకపోతే ముందు అది వేయించండి. పావురం మీద చూపు పడ్డ పిల్లికి నాలుగో అంతస్తు అని తెలియదు.

నిండు చూలాలూ పిల్లీ

మా ఆడపడుచు ఏడో నెలలో పురిటికి వచ్చింది. చుట్టపక్కాలందరిదీ ఒకటే మాట: 'పిల్లిని పంపించెయ్యండి.' వాళ్ల భయానికి పేరుంది, టాక్సోప్లాస్మా. 1908లో ట్యునిస్‌లో గుండీ అనే చిన్న ఎలుకజాతి జంతువులో మొదట కనిపెట్టిన సూక్ష్మజీవి ఇది. గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు, కాబట్టి కొట్టిపారేసే సంగతి కాదు. కానీ అసలు దారి తెలుసుకుంటే పిల్లిని ఇల్లు దాటించక్కర్లేదు. ఆ క్రిమి పిల్లి మలంలో వస్తుంది, అది కూడా సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలపాటే. బయటికొచ్చాక అంటుకునే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే పిల్లి మలవిసర్జనకు పెట్టే లిట్టర్ తొట్టి ప్రతిరోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాక ఇంట్లో ఇంకొకరు చేయాలి. ఇంటిపట్టునే ఉండి, పచ్చిమాంసం తినని పిల్లితో ప్రమాదం తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, తోటమట్టి కూడా ఆ క్రిమికి దారులే. వాటిని ఎవరూ పట్టించుకోరు, పిల్లిని మాత్రం గుమ్మం బయట పెడతారు.

మా ఆడపడుచు డాక్టరమ్మను అడిగి, పరీక్షలు చేయించుకుంది. తొట్టి పని మా ఆయనది. గట్టు విషయంలో మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాం. లిట్టర్ గీకిన పాదమే గట్టు మీదికి వస్తుంది కదా. తొట్టిని వంటింటికి దూరంగా, బాత్రూము పక్కకు మార్చి, బయట ఒక ముతక పట్టా వేశాం, పాదాలకు అంటిన రేణువులు అక్కడే రాలేలా. బాబు పుట్టాడు, మూడో నెల వచ్చింది, చుక్కి ఇక్కడే ఉంది.

పెరుగన్నం తినే పులి

కొన్ని పిల్లులు ఏం చేసినా గట్టు వదలవు. అలాంటప్పుడు దాని గిన్నెలోకి చూడాలి. మాంసం ముట్టని ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెడతారు, అదెంతో ప్రేమతోనే. కానీ పిల్లి మాంసం తినకుండా బతకలేని జీవి. టారిన్ అనే పదార్థం దాని ఒంటికి తిండిలోంచే కావాలి, అది మొక్కల్లో దొరకదు. ఆ లోపం వల్ల పిల్లుల గుండె ఉబ్బి నీరసపడుతుందని 1987లో అమెరికాలో పాల్ పియోన్ బృందం బయటపెట్టింది. చూపు కూడా దెబ్బతింటుంది. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు కూడా. కడుపు నిండినా ఒళ్లు నిండని పిల్లి గట్టెక్కి చేప వాసన వెతుక్కుంటే తప్పెవరిది? ఇంట్లో మాంసం వండని వాళ్లు దుకాణంలో దొరికే పిల్లుల మేతైనా పెట్టాలి. రోజుకు రెండుసార్లు గిన్నె నింపే బదులు అదే తిండిని నాలుగైదుసార్లుగా పెట్టండి. చిన్న చిన్న వేటలతో కడుపు నింపుకునే జీవికి అదే సరిపడుతుంది.

గట్టు మీద అది వెతికేది తీపి కూడా కాదు. పిల్లికి తీపి రుచి తెలియదు. తీపిని పట్టే గ్రాహకానికి కావాల్సిన జన్యువు ఒకటి పిల్లి జాతిలో పాడైపోయిందని 2005లో మోనెల్ పరిశోధన కేంద్రం వాళ్లు చూపించారు. సున్నుండ మీద మూతి పెట్టిందంటే అది నేతి కోసమే.

ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న ముసలి పిల్లి ఉన్నట్టుండి గిన్నెల మీద పడుతుంటే, తింటూనే చిక్కిపోతుంటే, అది అలవాటు కాదు. థైరాయిడ్ ఎక్కువ కావచ్చు, షుగర్ కావచ్చు, నులిపురుగులు కావచ్చు. స్టూలు వేసి లాభం లేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చుక్కి ఇప్పుడూ అప్పుడప్పుడు గట్టెక్కుతుంది. కిందటి ఆదివారం పూరీపిండి చల్లిన గట్టు మీద నాలుగు పాదాల గుర్తులు వరసగా, కుడి ముందుపాదంలో రెండు మెత్తల దగ్గర కాస్త చెరిగినట్టు కనిపించాయి. కాలిన మచ్చ అచ్చు అలాగే పడుతుంది. తుడిచేసి, 'పీట' అన్నాను. వెళ్లి కూర్చుంది.

నిన్న సాయంత్రం వంటింట్లోకి వెళ్తే స్టూలు దాని చోటులో లేదు. అత్తయ్యగారు దాన్ని గుమ్మం వైపు ఒక మూర జరిపారు. "అక్కడైతే నా కుర్చీ కూడా కనిపిస్తుంది అమ్మాయ్ దానికి" అంటూ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. స్టూలు మీద చుక్కి, తోక కాళ్లచుట్టూ చుట్టుకుని, ఆవిడ చేతులనే చూస్తోంది.